ఊరందరికీ చెప్పి, పిల్లకి చెప్పకపోతే ఎలా?

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మాట అన్నది. పిల్లలకు లైంగిక విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగి మొదలుపెట్టడం సరికాదు, ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలి అని. ఉత్తరప్రదేశ్‌లో పదిహేనేళ్ల కుర్రాడు పోక్సో చట్టం కింద నిందితుడై, బెయిలు కోసం అంత పెద్ద కోర్టు దాకా వచ్చాడు. మీ బళ్లలో ఈ విషయాలు ఏం చెబుతున్నారని న్యాయమూర్తులు సంజయ్ కుమార్, అలోక్ ఆరాధే అడిగితే, తొమ్మిది నుంచి పన్నెండు వరకు పాఠాలున్నాయని ఆ రాష్ట్ర ప్రభుత్వం అఫిడవిట్ వేసింది. అది చాలదన్నారు వాళ్లు. యుక్తవయసులో ఒంట్లో వచ్చే మార్పులు, తీసుకోవలసిన జాగ్రత్తలు పిల్లలకు తెలిసేలా అధికారులు ఆలోచించి పద్ధతి సరిదిద్దుకోవాలన్నారు.

ఈ వార్త మన ఇళ్లలో ఎలా చదివి ఉంటారో చెప్పక్కర్లేదు. "లైంగిక విద్య" అన్న మాట కనబడగానే పేపరు మడిచి పక్కన పెట్టేవాళ్లు కొందరు. "చిన్నపిల్లలకి ఇవేం పాఠాలమ్మా!" అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు కొందరు. కానీ నాలుగో తరగతి, అయిదో తరగతి పిల్లలకు ఆలుమగల సంగతులు చెప్పమని ఎవరూ అనడంలేదు. రేపో మాపో వాళ్ల ఒంటికి ఏం జరగబోతోందో చెప్పమంటున్నారు. ఈ రెంటినీ కలిపి కంగాళీ చేసుకోబట్టే ఇన్నేళ్లుగా ఎక్కడి గొంగళి అక్కడే ఉంది.

అయినా, మనమేమైనా ఈ విషయం దాచుకునే జాతా? ఆడపిల్ల పెద్దమనిషయితే చాప వేసి కూర్చోబెడతాం. చిమ్మిలి దంచి పెడతాం. మేనమామకి కబురెడతాం, పట్టుబట్టలతో దిగుతాడు. పేరంటాళ్లందరినీ పిలిచి హారతులిస్తాం. ఇప్పుడయితే ఫంక్షన్‌హాలు, డ్రోన్ కెమెరా, వీధి మలుపులో పదడుగుల ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పిల్ల ఫొటో, పక్కన తాతముత్తాతల ఫొటోలు, కింద చినమామయ్య స్నేహితబృందం శుభాకాంక్షలు! మగపిల్లలకు కూడా ఈమధ్య అక్క ఓణీలతో కలిపి పంచెల ఫంక్షన్ చేసేస్తున్నారు. ఆ పిల్లాడికి పంచె ఎందుకు కట్టారో ఒక్కళ్లూ చెప్పరు. ఆ పిల్లకి అసలేమయిందో, ఎందుకయిందో కూడా చెప్పరు. చెప్పినా అంతా అయ్యాక, చాప మీద కూర్చున్నాక చెబుతారు. అదీ "అది ముట్టుకోకు, ఇటు రాకు, అబ్బాయిలతో ఆడకు" అన్న వరకే.

ఇది నా ఒక్కదాని గోల కాదు. మన దేశంలో జరిగిన 138 అధ్యయనాలను, సుమారు 97 వేలమంది ఆడపిల్లల వివరాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. మొదటిసారి నెలసరి వచ్చేనాటికి అదేమిటో తెలిసిన పిల్లలు అందులో సగం కూడా లేరు, 48 శాతమే. అంటే ఇద్దరిలో ఒకరు ఆ రోజున భయంతో బాత్‌రూంలో నిలబడిపోయారన్నమాట. ఆ రోజుల్లో బడి మానేసే పిల్లలు దాదాపు నాలుగోవంతు ఉన్నారని కూడా ఆ సమీక్షలో తేలింది.

మా వీధిలో అయిదో తరగతి చదివే పాప ఒకత్తె రెండు రోజులపాటు గౌను లోపల రుమాళ్లు కుక్కుకుని తిరిగింది. పడుకునే ముందు నాయనమ్మ దగ్గరకు పోయి, "నాకు క్యాన్సరొస్తే అమ్మ ఏడుస్తుందా?" అని అడిగిందట. మన సినిమాల్లో రక్తం కనబడితే క్యాన్సరే కదా మరి! అది తెలివైన పిల్ల, అడగ్గలిగింది. అడగలేని పిల్లల మాటేమిటి?

పుస్తకం చేరేసరికి

ఒంటి లెక్క ఒకటి, బడి లెక్క ఒకటి. ఆడపిల్లలకు ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఎప్పుడయినా మార్పులు మొదలవచ్చు. అది మామూలే. ముందు రొమ్ము కింద చిన్న గడ్డలా తగులుతుంది, ఒక్కోసారి ఒకవైపే వస్తుంది. తర్వాత రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది. మన దేశంలో చాలామందికి అది పన్నెండు, పదమూడేళ్ల ప్రాంతంలో. కానీ సగటు అంటే సగటే. పదేళ్లకు వచ్చేవాళ్లూ ఉంటారు, పద్నాలుగుకి వచ్చేవాళ్లూ ఉంటారు. మగపిల్లలకు తొమ్మిది, పద్నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది. ఇప్పుడు తరగతుల లెక్క చూడండి. ఎనిమిదేళ్లంటే మూడో తరగతి. పదేళ్లంటే అయిదో తరగతి. అంటే ఈ సంగతి మొదలయ్యేది ప్రాథమిక పాఠశాల బెంచీల మీదే.

పాఠం ఎక్కడుంది? మన తెలుగు పుస్తకాల్లో చాలాకాలంగా ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ అని ఉంటూ వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లదీ ఎనిమిదే. 2025లో వాళ్లు తెచ్చిన కొత్త ఏడో తరగతి సైన్సు పుస్తకం 'క్యూరియాసిటీ'లో ఇది ఆరో అధ్యాయమయింది. ఒక మెట్టు దిగింది, సంతోషమే. కానీ ఏడో తరగతి పిల్లకి పన్నెండేళ్లు. క్లాసులో కొందరికి అప్పటికే ఏడాది గడిచిపోయి ఉంటుంది. పెళ్లయిపోయాక ముహూర్తం పెట్టించినట్టుంటుంది ఆ పాఠం.

పాఠమే కాదు, పథకాలూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో నెలకి పది శానిటరీ నాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, అది ఏడో తరగతి నుంచి పైవాళ్లకి. మంచి పనే, కాదనను. మరి అయిదో తరగతిలో పెద్దమనిషయిన పిల్ల? ఆ పిల్ల ఉందని కాగితాల్లో ఎవరికీ తోచినట్టు లేదు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది. బడికి ఇద్దరు టీచర్లను ఎంచి, పదకొండు అంశాల మీద శిక్షణ ఇచ్చి, వారానికో క్లాసు చెప్పించాలన్నది ఏర్పాటు. ఆ అంశాల్లో మొట్టమొదటిదే ఆరోగ్యంగా ఎదగడం. కానీ మొదటి విడత ప్రాథమికోన్నత పాఠశాలల నుంచే, అంటే ఆరో తరగతి నుంచి!

ఇంత వెనకబడి ఎందుకున్నామంటే దానికో కథ ఉంది. 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్య అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. అందులోని బొమ్మలు, మాటలు బాగాలేవని పెద్ద గొడవయింది. 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్లింది. దానికి అధ్యక్షులు మన ఎం. వెంకయ్యనాయుడు గారే. బళ్లలో లైంగిక విద్య ఉండకూడదని, కౌమారంలో శారీరక, మానసిక ఎదుగుదల పాఠాలను కూడా తీసేసి ప్లస్‌టూ జీవశాస్త్రంలో పెట్టుకోవచ్చని ఆ కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది. పెద్దలు, చదువుకున్నవారు, మన సంస్కృతి మీద ప్రేమతో రాసిన నివేదికే అనుకుందాం. ప్లస్‌టూ అంటే పిల్లకి పదహారేళ్లు! పెద్దమనిషయిన నాలుగైదేళ్లకు ఒంట్లో ఏమవుతోందో పుస్తకంలో చదువుకోవాలా? మన సంస్కృతిలో ఉన్నదల్లా ఆ రోజున పందిరి వేసి పండుగ చేయడం. తెలియనివ్వకుండా ఉంచమని ఏ పేరంటాలు పాటలోనూ లేదు.

"చెబితే చెడిపోతారు" అన్న భయం మాత్రం నిజమైన భయం, దాన్ని వెటకారం చేయనక్కర్లేదు. ఆడపిల్లల తల్లులం, భయం లేకుండా ఎలా ఉంటాం? కానీ ప్రపంచమంతటా ఇలాంటి పాఠాల మీద జరిగిన అధ్యయనాలను యునెస్కో 2018లో తన మార్గదర్శకాల కోసం సమీక్షించింది. ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడి తప్పటడుగు వేస్తారన్నదానికి ఆధారం దొరకలేదు. పోనీ, మనం చెప్పకపోతే తెలియకుండా ఉంటుందా అంటే, ఇంటింటా సెల్‌ఫోన్ ఉంది. బోర్లించిన బుట్టలో కోడిపిల్లలా పిల్లను దాచుకుందామనుకున్నా, బుట్టలో కూడా నెట్ వస్తోంది. అక్కడ దొరికే చదువు ఎలాంటిదో వేరే చెప్పాలా?

మాటలే లేవు

అసలు చిక్కు మన నోటి దగ్గరుంది. నెలసరికి మన దగ్గర ఎన్ని మాటలో! బయట చేరింది, దూరముంది, ముట్టు, మైల, మూల కూర్చుంది, కాకి ముట్టింది, డేట్ వచ్చింది, ప్రాబ్లం వచ్చింది. ఇందులో ఒక్కటయినా ఒంట్లో జరిగేదేమిటో చెబుతోందా? అన్నీ ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలో చెప్పే మాటలే. పుస్తకానికి వెళితే రుతుస్రావం, ద్వితీయ లైంగిక లక్షణాలు, ప్రత్యుత్పత్తి వ్యవస్థ. పదేళ్ల పిల్లకి ఇవి నోరు తిరగవు, బుర్రకెక్కవు. పిల్లకి కావలసిన తెలుగు ఈ రెంటికీ మధ్యలో ఉంది. గర్భసంచి, రొమ్ము, తెల్లబట్ట, నెలసరి... ఇవన్నీ డాక్టరమ్మ దగ్గర మనం మామూలుగా వాడే మాటలే. పిల్లల ముందు వాడటానికే సిగ్గు.

ఈ సిగ్గు ఖరీదు చిన్నది కాదు. కంటికి, ముక్కుకి, మోకాలికి పేరు నేర్పిన మనం, బొడ్డు కింద నుంచి మోకాలి దాకా ఉన్నదానికి "ఛీఛీ" అన్న ఒక్క పేరే నేర్పుతాం. ఎవడైనా వెధవ అక్కడ చెయ్యి వేస్తే ఆ పిల్ల ఏమని చెబుతుంది? ఛీఛీ అని నేర్పిన చోటు గురించి అమ్మకి చెబితే అమ్మే కొడుతుందేమోననుకుంటుంది. పోక్సో చట్టం 2012లో వచ్చింది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని, చెప్పకపోతే నేరమని కూడా అందులో ఉంది. కానీ మొదట చెప్పాల్సింది పిల్ల కదా! తన ఒంటి భాగాల పేర్లు తెలిసిన పిల్లే జరిగింది జరిగినట్టు చెప్పగలదు. కోర్టులో కూడా.

మరి నాలుగు, అయిదు తరగతుల్లో ఏం చెప్పాలి? గొంగళిపురుగు సీతాకోకచిలుక ఎలా అవుతుందో ఆ వయసులోనే బొమ్మలు వేయిస్తున్నాం. దాని పక్కనే మనిషి ఎదుగుదల ఎందుకుండకూడదు? మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటుంది, పీయూష గ్రంథి. దానికి వేళయిందని కబురందగానే ఆడపిల్లల్లో అండాశయాలు, మగపిల్లల్లో వృషణాలు మేలుకుంటాయి. అక్కడి నుంచే పొడవు పెరగడం, చెమట వాసన, చంకల్లో వెంట్రుకలు, మొటిమలు. నెలసరి మొదలయ్యే ముందు కొన్ని నెలలు తెల్లబట్ట కనబడవచ్చు, అది జబ్బు కాదు. రక్తం వస్తే అది దెబ్బ కాదు. గర్భసంచి లోపల నెలనెలా పేరుకున్న మెత్తని పొర విడివడి బయటికి వస్తుంది. రెండు నుంచి ఏడు రోజులు ఉండవచ్చు. చూడటానికి ఎంతో పోయినట్టుంటుంది గానీ, మామూలుగా పోయేది అన్ని రోజులకూ కలిపి కాఫీ గ్లాసుకి సగం కూడా ఉండదు. మొదటి ఒకటి రెండేళ్లు తేదీ అటూ ఇటూ అవుతుంది. ఇంతే పాఠం! పది నిమిషాల్లో పూర్తయ్యేదానికి పదేళ్లుగా కమిటీలు వేస్తున్నాం.

తల్లులు తెలుసుకోవలసింది ఇంకో రెండు ముక్కలుంది. ఆడపిల్లకి ఎనిమిదేళ్లు నిండకుండా, మగపిల్లాడికి తొమ్మిదేళ్లు నిండకుండా మార్పులు మొదలయితే పిల్లల డాక్టరుకి చూపించాలి. పదిహేనేళ్లు వచ్చినా నెలసరి రాకపోతే అప్పుడూ చూపించాలి. "బ్రాయిలర్ కోళ్లు తినబట్టే తొందరగా అవుతున్నారు" అని మనం తేల్చిపారేస్తుంటాం. కోడికంటే పిల్ల బరువు మీద కన్నేయడం మంచిది. ఒంటి బరువు ఎక్కువున్న ఆడపిల్లల్లో ఈ మార్పులు కాస్త ముందుగా వస్తాయి. 2020 లాక్‌డౌన్ తర్వాత ఇలా వయసుకు ముందే మొదలయిన పిల్లలు ఎక్కువగా వస్తున్నారని మన దేశంతో సహా చాలా దేశాల డాక్టర్లు గమనించారు. ఇక పెద్దమనిషయ్యాక ఎదగరన్నది కూడా పూర్తి నిజం కాదు. వేగం తగ్గుతుంది, అయినా ఇంకో రెండు మూడు అంగుళాలు పెరిగే అవకాశం ఉంటుంది.

మగపిల్లల్ని బయటికి పంపేసి ఆడపిల్లలకు మాత్రమే గుసగుసగా చెప్పే పద్ధతి నాకు నచ్చదు. ఒంటి శుభ్రత, గుడ్డ మార్చుకోవడం లాంటివి ఆడపిల్లలకి విడిగా చెప్పండి, సరే. అసలు పాఠం ఇద్దరికీ కలిపి చెప్పాలి. బయటికి పంపిన మగపిల్లాడు నేర్చుకునేదల్లా లోపల ఏదో నవ్వుకోవాల్సింది జరుగుతోందని. స్కర్టు మీద మరక చూసి క్లాసంతా నవ్వితే, ఆ పిల్ల మర్నాడు బడికి రాదు. పైగా వాళ్ల భయాలు వాళ్లకున్నాయి. గొంతు బొంగురుపోతుంది, పాటలపోటీలో నవ్వులపాలవుతాడు. నిద్రలో వీర్యం పోతే ఏదో రోగమనుకుని కుమిలిపోతాడు. ఆ కుమిలిపోయే కుర్రాళ్ల భయం మీదే కదా బస్టాండు గోడల మీద "పూర్వపు బలం" డాక్టర్లు ఇళ్లు కట్టుకుంటున్నారు! పదేళ్లప్పుడు ఒక్కమాట చెబితే పోయేదానికి పాతికేళ్లప్పుడు వేలు పోస్తున్నారు. మనింటి మగపిల్లలకి ఈ మాట ఎవరు చెబుతారు? నాన్నలు చెప్పరు. వాళ్ల నాన్నలు వాళ్లకి చెప్పలేదు గనక.

చెప్పేవాళ్లెవరన్నది మాత్రం నిజంగా కష్టమైన ప్రశ్న. మన పల్లెటూళ్లలో ప్రాథమిక పాఠశాల అంటే చాలాచోట్ల ఒక్కరే టీచరు. ఆయన మగవాడయితే అయిదో తరగతి ఆడపిల్ల ముందు ఈ పాఠం ఎత్తడానికి ఆయనకే భయం, రేపు ఎవరేమంటారోనని. ఆ భయాన్ని తప్పుపట్టలేం. అందుకే పాఠం చెప్పే ముందు తల్లుల్ని పిలిచి, చెప్పబోయేది మాట మాటా వాళ్లకి వినిపించాలి. నాకు తెలిసిన ఒక టీచరమ్మ అలాగే చేస్తుంది. సగంమంది తల్లులు అడ్డు చెప్పకపోగా తమ అనుమానాలు ముందు తీర్చుకున్నారట. టీచరమ్మ లేని ఊళ్లో ఏఎన్ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది. ఏడాదికి రెండు పూటలు బడికి వచ్చి చెప్పడం వాళ్ల పనిలో రాసిపెడితే చాలు. వాళ్లయితే ఊళ్లో అందరికీ తెలిసినవాళ్లు, పిల్ల పుట్టినప్పుడు బరువు తూచినవాళ్లు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది పైకి కనబడదు. చాలా ఇళ్లలో పిల్ల పెద్దమనిషయిన రోజు నుంచే పెళ్లి మాట మొదలవుతుంది. ఓణీల ఫంక్షన్ ఫొటోలే సంబంధాలకు వెళతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇరవై, ఇరవైనాలుగేళ్ల మధ్య ఆడవాళ్లను అడిగితే, పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. నెలసరి వచ్చిందంటే ఒళ్లు ఎదగడం మొదలయిందనే గానీ ఎదగడం పూర్తయిందని కాదు. ఈ ఒక్క ముక్క అయిదో తరగతిలో విన్న పిల్ల, ఎనిమిదో తరగతిలో సంబంధం వచ్చినప్పుడు కనీసం తల్లితో వాదించడానికి ఒక మాట ఉంటుంది. వాదనలో గెలుస్తుందా అంటే, అన్నిసార్లూ గెలవదు.

నేను చెప్పిన టీచరమ్మ పాఠం అయ్యాక పిల్లలందరికీ ఒకే సైజు చీటీలిచ్చి, పేరు రాయకుండా ప్రశ్నలు రాసి డబ్బాలో వేయమంటుంది. ప్రశ్న లేనివాళ్లు ఖాళీ చీటీ అయినా మడిచి వేయాల్సిందే, ఎవరు రాశారో తెలియకుండా. "నెప్పి పుడుతుందా?", "రక్తం అంతా అయిపోతే?", "నాకు గొంతు మారితే మళ్లీ మామూలవుతుందా?", "మా అక్కని ఎందుకు వేరే కంచంలో తినమంటున్నారు?" ఆ చివరి ప్రశ్నకి జవాబు చెప్పడం తనకి కష్టమయిందని, దాన్ని తల్లుల మీటింగులో చదివి వినిపించానని అన్నది. తన బల్ల సొరుగులో రెండు ప్యాడ్లు, ఒక కొత్త లోదుస్తు, మడిచిన పాత న్యూస్‌పేపరు, ఒక పెద్ద సేఫ్టీపిన్ను ఎప్పుడూ ఉంచుతుంది. ఆ సొరుగుకి తాళం వేయదు. అందులో ఏముందో నాలుగో తరగతి నుంచి పిల్లలందరికీ, మగపిల్లలతో సహా, తెలుసు.